బావకు ఏ కారు? సంక్రాంతికి ఐదు బళ్లూ నడిపి చూశాక

మొన్న సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊళ్లో అమ్మ వాకిట్లో ఐదు కార్లు ఆగాయి. గుంటూరు నుంచి అన్నయ్య సీఎన్‌జీ హ్యాచ్‌బ్యాక్, విజయవాడ నుంచి అక్కాబావల పాత డీజిల్ కారు, హైదరాబాద్ నుంచి చెల్లి పెట్రోల్ సెడాన్, నా ఎలక్ట్రిక్ బండి, చిన్నాన్నగారి ఇన్నోవా. పండగ నాలుగు రోజులూ ఎవరి బండి ఖాళీగా ఉంటే దాని తాళం తీసుకుని తిరిగాను. పాలకీ, తెనాలి బజారుకీ, అమ్మని డాక్టరు దగ్గరికీ, పిల్లల్ని సూర్యలంక సముద్రానికీ తిప్పాను. కావాలనే అలా చేశాను. బావ తన పదకొండేళ్ల డీజిల్‌ని మార్చేద్దామనుకుంటున్నాడు. ప్రతి భోజనం దగ్గరా ఆయనది ఒకటే ప్రశ్న, ఏది తీసుకోవాలని.

బావ మనసులో అప్పటికే ఒక పెద్ద డీజిల్ ఎస్‌యూవీ ఉంది. ఎందుకంటే, "తిరుపతి వెళ్లాలంటే బండి గట్టిగా ఉండాలి కదా" అన్నాడు. తిరుపతి ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారని అడిగాను. ఒకసారి. మరి మిగతా రోజుల్లో? ఆయన ఇల్లు పటమటలో, ఉద్యోగం గుడివాడలో. రోజుకి రానూపోనూ దాదాపు తొంభై కిలోమీటర్లు, ఎక్కువగా ఒక్కడే వెళ్తాడు. కారు ఎంచుకునేటప్పుడు చాలామందిమి చేసే పొరపాటు ఇదే. ఏడాదిలో రెండు మూడు రోజుల ప్రయాణం కోసం కారు కొంటాం, మిగతా మూడువందల అరవై రోజులూ దాన్ని భరిస్తాం. అందుకని కార్ల సంగతి పక్కన పెట్టి, ముందు ఒక నెల పాటు ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది వెళ్లారో డైరీలో రాయమని బావతో చెప్పాను. నెల తర్వాత లెక్క 2,400 కిలోమీటర్లు తేలింది. అందులో కారు నిండా మనుషులు ఎక్కింది మూడే సార్లు.

ఇక ఆ నాలుగు రోజుల్లో ఏ బండి ఎలా అనిపించిందో చెబుతాను.

అన్నయ్య సీఎన్‌జీ బండి

వ్యాగన్‌ఆర్ తరహా ఎత్తైన హ్యాచ్‌బ్యాక్ ఇది. గ్యాస్ మీద నడిచే కార్లలో ఇలాంటివే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కరమో ఇద్దరమో ఉంటే ఊళ్లో దీని అంత హాయి మరో దాంట్లో లేదు. పొడవు తక్కువ, అద్దాలు పెద్దవి, నాలుగు మూలలూ కనిపిస్తాయి. తెనాలి బజారులో రిక్షా వెళ్లే సందులోంచి కూడా టెన్షన్ లేకుండా బయటపడ్డాను. కానీ నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, చెరుకు ట్రాక్టరుని దాటాలంటే మూడో గేరుకి దిగాలి, ఎదురుగా చాలా దూరం ఖాళీ ఉండాలి. కాగితం మీద కూడా ఆ తేడా కనిపిస్తుంది. వ్యాగన్‌ఆర్ ఒక లీటరు ఇంజిన్ పెట్రోల్ మీద సుమారు 67 హార్స్‌పవర్ ఇస్తే గ్యాస్ మీద 57 దగ్గర ఆగుతుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు బటన్ నొక్కి పెట్రోల్‌లోకి మార్చుకోవడం అన్నయ్యకి అలవాటైపోయింది. కొత్తగా కొన్నవాళ్లు ఆ అలవాటు మొదటి వారంలోనే చేసుకోవాలి.

అసలు ఇబ్బంది డిక్కీ. సిలిండర్ పెట్టాక మిగిలేది ఒక చిన్న బ్యాగుకి చోటు. అరిసెల డబ్బాలూ, బియ్యం మూటా వెనక సీట్లో మనుషుల కాళ్ల దగ్గరే పెట్టుకుని వచ్చారు. ఒక పెద్ద సిలిండర్‌కి బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పెట్టే పద్ధతిని టాటా 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టింది. సామాను ఎక్కువ మోసే ఇంటివాళ్లు అలాంటి అమరిక ఉన్న మోడళ్లనే చూడాలి. ఇంకో సంగతి అమ్మ గుర్తుచేసింది. గ్యాస్ కొట్టించేటప్పుడు బండిలో ఉన్నవాళ్లందరూ దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని బంకు దగ్గర దించి, నిలబెట్టి, మళ్లీ ఎక్కించడం ప్రతిసారీ ఒక పని. క్యూ ఉంటే అరగంట.

గ్యాస్ బండి కొనేముందు బంకు మన దారిలో ఉందో లేదో చూడాలి. హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల బంకులు చాలాకాలంగా ఉన్నాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోనూ దొరుకుతుంది. అయితే "ఊళ్లో ఉంది" అంటే చాలదు. మీరు ఆఫీసుకి వెళ్లే వైపే ఉండాలి. ప్రెజర్ ఎలా వస్తుందో, క్యూ ఎంత ఉంటుందో తెలియాలంటే మీరు మామూలుగా వెళ్లే వేళకే ఒకసారి అక్కడికి వెళ్లి చూడండి. సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి అని కూడా గుర్తుంచుకోండి.

చెల్లి పెట్రోల్ సెడాన్

చెల్లిది డిజైర్ తరహా నాలుగు మీటర్లలోపు సెడాన్, ఏఎంటీ గేర్‌బాక్స్. మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా రోజూ పాకే చెల్లికి ఎడమ కాలికి విశ్రాంతి దొరకడమే పెద్ద వరం. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రం చేస్తుంది. అందుకే గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆ కుదుపు పెరుగుతుంది. గేరు మారే క్షణంలో పాదం కొంచెం తేలిక చేస్తే దాదాపు పోతుంది. క్లచ్‌కి బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ ఇంతకంటే మెత్తగా ఉంటుంది, కానీ ధర ఎక్కువ. డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, హైవేలో బ్రహ్మాండంగా ఉంటుంది. పాకే ట్రాఫిక్‌లో మాత్రం క్లచ్ వేడెక్కే స్వభావం ఉంది, ముఖ్యంగా డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) రకాల్లో. మే నెలలో గంటన్నర సేపు ట్రాఫిక్‌లో నిలిచే హైదరాబాద్ మనిషికి నేను దాన్ని సిఫారసు చేయను.

సెడాన్‌లో వెనక సీటు మెత్తగా, డిక్కీ పెద్దగా ఉంటాయి. నలుగురు పెద్దవాళ్లూ నాలుగు సూట్‌కేసులూ హాయిగా పడతారు. ఇబ్బంది మా ఊరి కాలవ గట్టు మీద తెలిసింది. ఐదుగురం ఎక్కాం. గట్టు దిగేచోట ఎవరో సొంతంగా వేసుకున్న సిమెంటు స్పీడ్ బ్రేకర్ ఉంది. కింద గీసుకున్న చప్పుడుకి చెల్లి మొహం మాడిపోయింది. డిజైర్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేల నుంచి కారు అడుగు దాకా ఉన్న ఎత్తు, 163 మిల్లీమీటర్లు. టాటా చిన్న ఎస్‌యూవీ అయిన పెట్రోల్ నెక్సాన్‌ది 208. నాలుగున్నర సెంటీమీటర్ల తేడా చదివితే చిన్నదే. పల్లెటూరి స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం అదే ముఖ్యం. నెలకి రెండుసార్లు ఊరెళ్లేవాళ్లు ఈ ఒక్క అంకె చూసి సెడాన్‌ని వదులుకున్నా తప్పులేదు.

భద్రత గురించి ఇక్కడే చెప్పేస్తాను

బండి చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి భద్రత ఉండదు. ఫలానా మోడల్ ఫలానా ఏడాదిలో క్రాష్ టెస్టులో ఏం తెచ్చుకుందో చూడాలి. 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ టెస్టులో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు నెక్సాన్. 2023లో వ్యాగన్‌ఆర్‌కి ఒకటే నక్షత్రం వచ్చింది. అదే మారుతి నుంచి 2024లో వచ్చిన కొత్త డిజైర్‌కి ఐదు వచ్చాయి. అంటే కంపెనీ పేరు చూసి తీర్పు చెప్పే రోజులు పోయాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశానికే అలాంటి భారత్ ఎన్‌క్యాప్ ఉంది కాబట్టి కొనబోయే మోడల్ ఫలితం చూసుకోవడం కష్టం కాదు. పిల్లల భద్రతకి విడిగా మార్కులు ఇస్తారు, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాటినే ముందు చూడండి. వెనక మధ్య సీటుకి కూడా మూడు పాయింట్ల బెల్టు ఉందో లేదో షోరూమ్‌లో స్వయంగా లాగి చూడండి. పండగ ప్రయాణాల్లో మనం పిల్లల్ని కూర్చోబెట్టేది అక్కడే.

బావ పాత డీజిల్, ఈనాటి డీజిల్

బావది 1248 సీసీ డీజిల్ ఇంజిన్ ఉన్న పాత కారు. ఫియట్ తయారుచేసిన ఆ ఇంజిన్‌ని ఒకప్పుడు మన దేశంలో మారుతి, టాటా కూడా వాడుకున్నాయి. ఇప్పటికీ ఆ బండిని నాలుగో గేరులో అరవై దగ్గర పెట్టి, పైన అలా పాదం ఆనిస్తే చాలు, నిండా మనుషులున్నా ఆయాసపడకుండా లాగుతుంది. బావకి డీజిల్ మీద ఉన్న ప్రేమ నాకు పూర్తిగా అర్థమవుతుంది. సూర్యలంక నుంచి తిరిగి వస్తుంటే నాకూ దాన్ని అమ్మేయడం దేనికి అనిపించింది.

కానీ ఇప్పుడు కొనే డీజిల్ ఆ డీజిల్ కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. మారుతి డీజిల్ కార్లు తయారుచేయడమే మానేసింది. టాటా, మహీంద్రా, హ్యుందాయ్, కియా, టయోటా ఇంకా ఇస్తున్నాయి. ఈ కొత్త ఇంజిన్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని అది తనంతట తనే కాల్చేసుకోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కాలి, అంటే కాసేపు ఆగకుండా మంచి వేగంతో పరుగెత్తాలి. రోజూ పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకుని, నాలుగేసి కిలోమీటర్లే తిరిగే ఇంట్లో ఆ ఫిల్టర్ మూసుకుపోయి వార్నింగ్ లైటు వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే ఖర్చు పెద్దది. బావకి ఈ సమస్య రాదు, గుడివాడ దారి చాలినంత పొడవు ఉంది. కాని హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఊళ్లోనే తిరిగే మనిషి డీజిల్ జోలికి వెళ్లకూడదు.

పాత డీజిల్ కొనాలనుకునేవాళ్లకి ఒక మాట. ఢిల్లీలో పాత డీజిళ్ల మీద ఆంక్షల వల్ల అక్కడి బళ్లు తక్కువ ధరకి మన ఊళ్లకి వస్తుంటాయి. చూడటానికి మెరుస్తుంటాయి. ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే అనుమతి), ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ మార్పు ఇవన్నీ కలుపుకున్నాకే అది చౌకో కాదో తేల్చుకోవాలి. కాగితాలు చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

చిన్నాన్నగారి ఇన్నోవా

ఇన్నోవా క్రిస్టాలో మధ్య వరసలో కూర్చున్నవాళ్లు ఎవరూ ఫిర్యాదు చేయరు. చిన్నాన్న ఏడాదిలో అయిదారు సార్లు ఏడుగురిని ఎక్కించుకుని శ్రీశైలం, అన్నవరం, తిరుపతి తిరుగుతారు. ఆయనకి అది సరైన బండి. 343 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే లాగే బలంతో, ఘాట్ రోడ్డులో కూడా గేరు ఊరికే మార్చాల్సిన పని ఉండదు. అయిదేళ్లు వాడి అమ్మినా గౌరవమైన ధర వస్తుంది.

కానీ పొడవు 4.7 మీటర్లకి పైనే. మా నిజాంపేట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకసారి చిన్నాన్న దాన్ని పెట్టడానికి పావుగంట పట్టింది, రెండు స్తంభాల మధ్య అద్దాలు మడుచుకుంటేనే దూరింది. పైగా ఒక్కరే ఆఫీసుకి వెళ్లడానికి అంత బరువుని తోలుకెళ్లడం, దానికి తగ్గ టైర్లూ ఇన్సూరెన్సూ కట్టడం నాకు నచ్చదు. ఏడాదికి రెండుసార్లు ఏడుగురు వెళ్లాల్సి వస్తే డ్రైవర్‌తో సహా అద్దెకి తీసుకోండి. ఆ రెండు రోజులూ మీరూ వెనక కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు.

నా ఎలక్ట్రిక్ బండి

దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ ఎక్కువగా అడిగేదీ, సగం సగం తెలిసేదీ దీని గురించే.

నాది నలభై యూనిట్ల పైన బ్యాటరీ ఉన్న చిన్న ఎస్‌యూవీ, మూడో ఏడు నడుస్తోంది. ఒక్క చార్జింగ్‌కి ఊళ్లో 330 కిలోమీటర్ల దాకా ఇస్తుంది. హైవేలో తొంభై దగ్గర వెళ్తే 270. నూట పదికి వెళ్తే ఇంకా పడిపోతుంది. పెట్రోల్ బండికి అలవాటైనవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. అక్కడ ఊళ్లో మైలేజీ తగ్గి హైవేలో పెరుగుతుంది, ఇక్కడ హైవేలోనే తగ్గుతుంది. గాలిని చీల్చడానికి పోయే శక్తి వేగంతో పాటు చాలా పెరుగుతుంది. ఊళ్లో అయితే బ్రేకు తొక్కిన ప్రతిసారీ కొంత కరెంటు వెనక్కి వస్తుంది. అందుకే కంపెనీ చెప్పే రేంజ్ చూసి నిర్ణయం తీసుకోవద్దు. 45 యూనిట్ల నెక్సాన్ ఈవీకి (ఎలక్ట్రిక్ బండిని ఈవీ అంటారు) ప్రకటించిన రేంజ్ 489 కిలోమీటర్లు. అది టెస్టులో వచ్చిన అంకె. హైవే లెక్కకి ప్రకటించినదాంట్లో అరవై శాతం మీద ప్రణాళిక వేసుకుంటే దారిలో గుండె దడ ఉండదు.

నడపడంలో ఉన్న సుఖం మాత్రం అంకెల్లో చెప్పలేను. చప్పుడు లేదు, గేరు లేదు. సిగ్నల్ దగ్గర పాదం ఎత్తితే బండే నెమ్మదిస్తుంది. కూకట్‌పల్లి ట్రాఫిక్ నుంచి ఇంటికొచ్చాక ఒళ్లు నొప్పులు లేకపోవడం నేను మొదట గమనించిన తేడా. మా ఆవిడ గమనించింది వేరు, నేను ఇంటికొచ్చాక విసుక్కోవడం తగ్గిందట. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కవు, మోటారే పట్టి ఉంచుతుంది. మన్ననూరు నుంచి శ్రీశైలం దారిలో డ్యామ్ వైపు దిగుతుంటే బ్యాటరీ శాతం పెరగడం చూసి పిల్లలు కేరింతలు కొట్టారు.

ఇక కష్టాలు. సంక్రాంతికి వస్తూ కోదాడ దగ్గర చార్జింగ్‌కి ఆగాం. రెండు మిషన్లలో ఒకటి పనిచేయడం లేదు. రెండో దాని దగ్గర మా కంటే ముందు ఇద్దరున్నారు. మొత్తం రెండు గంటలు పోయాయి. పంతంగి టోల్‌గేటు దగ్గర పోయిన సమయం వేరే. మామూలు రోజుల్లో అదే చోట నలభై నిమిషాల్లో, టిఫిన్ తినేలోపు అయిపోయేది. అంటే పండగ రోజుల్లో బ్యాటరీ సగం ఉండగానే ఖాళీగా కనిపించిన మిషన్ దగ్గర పెట్టేసుకోవాలి, ఇరవై శాతానికి వచ్చేదాకా ఆగకూడదు.

ఊరు చేరాక ఇంకో పాఠం. పదిహేను ఆంప్స్ సాకెట్‌కి పెట్టాను, బండి చార్జింగ్ తీసుకోనంది. బావ చూసి ఎర్తింగ్ సరిగా లేదన్నాడు. పెరట్లో ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంది. రెండు బిందెల నీళ్లు పోశాక చార్జింగ్ మొదలైంది. మన పాత ఇళ్లల్లో చాలా చోట్ల ఇదే పరిస్థితి. ఎర్తింగ్ లేకపోతే ఈవీ చార్జ్ కాదు. మన ప్రాణాలు కాపాడటానికే దాన్ని అలా తయారుచేశారు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు కారు కంటే ముందు అసోసియేషన్‌తో మాట్లాడాలి. మీటర్ల గదిలోని మన మీటరు నుంచి మన పార్కింగ్ దాకా తగినంత మందం రాగి తీగ, విడిగా ఒక ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ వేయించుకోవాలి. మాకు అనుమతి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇంటి దగ్గర చార్జింగ్ కుదరనివాళ్లకి నేను ఈవీ వద్దనే చెబుతాను. పబ్లిక్ చార్జర్ల మీదే బతకాలంటే ఖర్చు ఆదా సగం పోతుంది, మనశ్శాంతి మొత్తం పోతుంది.

చిన్న బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. ఈవీలో పెద్ద బ్యాటరీతో పాటు మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. అది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా బండి కదలదు. మూడేళ్లు దాటాక దాన్ని పరీక్ష చేయించుకోండి. బండి బరువు ఎక్కువ కాబట్టి టైర్లు కాస్త త్వరగా అరుగుతాయి.

అమ్మ తీర్పు

ఐదు బళ్లలోనూ అమ్మని కూర్చోబెట్టాను. సెడాన్‌లోకి దిగి కూర్చోవాలి, లేచేటప్పుడు ఒకరు చెయ్యి ఇవ్వాలి. ఇన్నోవాలోకి ఎక్కాలంటే మెట్టు మీద కాలు పెట్టి పైకి లాగాలి, చీర కుచ్చిళ్లు అడ్డం. నా బండి పర్వాలేదంది. అన్నయ్య బండిలో మాత్రం ఎవరి సాయమూ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. ఆ సీటు ఆమె నడుము ఎత్తుకి సరిపోయింది, తలుపు బాగా వెడల్పుగా తెరుచుకుంటుంది. ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే వాళ్లని వెంటబెట్టుకోకుండా కారు బుక్ చేయొద్దు. ఈ సంగతి ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. రెండుసార్లు ఎక్కించి, రెండుసార్లు దించి చూడండి. వెనక సీటులో ఏసీ గాలి వాళ్ల దాకా వస్తుందో లేదో మధ్యాహ్నం రెండు గంటల ఎండలో చూడండి, సాయంత్రం చల్లబడ్డాక కాదు.

లెక్క

భోజనాలయ్యాక బావా నేనూ కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాం. మా ప్రాంతపు ధరలకి దగ్గరగా పెట్రోల్ లీటరు 109, డీజిల్ 97, గ్యాస్ కిలో 95 వేసుకున్నాం. ఇంటి కరెంటు వాడకం పెరిగి పై శ్లాబులోకి వెళ్తుంది కాబట్టి యూనిట్‌కి పది రూపాయలు వేశాం. మీరు మీ ఊరి ధరలు పెట్టుకోండి.

నెలకి 2,400 కిలోమీటర్లకి పెట్రోల్ బండి లీటరుకి 16 ఇస్తే 16,350 రూపాయలు. డీజిల్ 18 ఇస్తే దాదాపు 12,900. గ్యాస్ కిలోకి 25 ఇస్తే 9,100. ఈవీ యూనిట్‌కి 7 కిలోమీటర్లు ఇస్తే 3,400. పెట్రోల్‌కీ ఈవీకీ మధ్య నెలకి పన్నెండు వేల పైన తేడా. ఒకే రకం బండికి ఈవీ ధర మూడు లక్షలు ఎక్కువ అనుకున్నా రెండేళ్లలోపే ఆ తేడా తీరిపోతుంది.

కానీ ఇదే లెక్క చెల్లికి వేస్తే కథ మారిపోయింది. ఆమె నెలకి తిరిగేది ఆరువందల కిలోమీటర్లు. ఈవీ తీసుకుంటే ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. సుమారు తొంభై వేలు ఎక్కువ పెట్టి గ్యాస్ బండి తీసుకున్నా, కిలోమీటరుకి మూడు రూపాయలు మిగిలితే ముప్పై వేల కిలోమీటర్లు తిరగాలి, అంటే ఆమెకి నాలుగేళ్లు. నెలకి ఎనిమిది వందల కిలోమీటర్లలోపు తిరిగేవాళ్లు పెట్రోల్ తీసుకుని నిశ్చింతగా ఉండొచ్చు. అలా కాదు, ఆ నిశ్శబ్దం కోసం, ట్రాఫిక్‌లో హాయి కోసం ఈవీ కావాలంటే అదీ మంచి కారణమే. డబ్బు ఆదా కోసం కొంటున్నామని మాత్రం అనుకోకూడదు.

పన్నులూ ఈ లెక్కని కదిలిస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, 1200 సీసీ దాటని పెట్రోల్, 1500 సీసీ దాటని డీజిల్ చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఈవీల మీద 2019 ఆగస్టు నుంచీ 5 శాతమే. చిన్న పెట్రోల్ కార్లు చౌకయ్యాయి కాబట్టి ఈవీకీ వాటికీ మధ్య దూరం పెరిగింది. తెలంగాణలో మాత్రం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. అందుకే షోరూమ్ ధరలు పోల్చడం వృథా. మీ జిల్లాలో రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకుని పోల్చండి.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక విషయం బావకి గట్టిగా చెప్పాను, ఆయన విజయవాడ మనిషి కాబట్టి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో మునిగాయో ఆయన కళ్లారా చూశాడు. నీళ్లలో మునిగిన ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తే లోపలికి నీళ్లు వెళ్లి పాడవుతుంది. విడిభాగాల విలువలో తరుగు కోయకుండా డబ్బిచ్చే మామూలు జీరో డిప్రిసియేషన్ పాలసీ ఆ నష్టాన్ని భరించదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా ఉంటుంది, తీసుకోండి. ఈవీ అయితే బ్యాటరీకీ మోటారుకీ నీళ్ల వల్ల జరిగే నష్టం కలుస్తుందో లేదో పాలసీలో చదివి అడగండి. నీళ్లు తగ్గాక ఏ బండినైనా స్టార్ట్ చేయకుండా, చార్జింగ్ పెట్టకుండా, తాళ్లతో కాక ట్రక్కు మీద సర్వీస్ సెంటర్‌కి పంపాలి.

బావ సంగతి ఎక్కడికి వచ్చిందంటే

సొంత ఇల్లు, రోజూ ఒకే దారి, తొంభై కిలోమీటర్లు. రాత్రి పెడితే తెల్లారేసరికి నిండిపోతుంది. ఈ మూడూ ఉన్నవాళ్లకి ఈవీ కంటే మంచిది నాకు కనిపించలేదు. అక్కకి తిరుపతి గురించే భయం. విజయవాడ నుంచి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. ఒంగోల్లో టిఫిన్‌కి ఒకసారి, నెల్లూరులో భోజనానికి ఒకసారి ఆగితే సరిపోతుందని మ్యాప్‌లో చూపించాను. "చార్జర్ పనిచేయకపోతే?" అంది. అది న్యాయమైన భయం, కోదాడలో నేనూ పడ్డాను. అందుకే రెండు ఊళ్లలోనూ ఒకదానికి బదులు రెండేసి స్టేషన్లు ముందే గుర్తుపెట్టుకోవాలని, ఆ ఒక్క ప్రయాణానికి పెట్రోల్‌తోనూ నడిచే బండి కావాలనిపిస్తే అన్నయ్య కారు మార్చుకోవాలని ఒప్పుకున్నాం. అన్నయ్య ఆ మాటకి సంతోషంగా తలూపాడు, ఆయనకి నాలుగు రోజులు ఈవీ నడిపే అవకాశం కదా.

బావ ఇంకా బుక్ చేయలేదు. అక్కనీ అమ్మనీ తీసుకుని రెండు మోడళ్లు చూసొచ్చాడు. ఒకదాంట్లో వెనక సీటు నేల మరీ ఎత్తుగా ఉండి మోకాళ్లు పైకి లేస్తున్నాయని అమ్మ వద్దంది. రెండోది ఆదివారం సాయంత్రం ఇంటి గేటులోంచి లోపలికి తిప్పి చూడబోతున్నాడు. ఈలోపు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, పోర్టికో పక్కన కొత్త ఎర్తింగ్ గుంత తవ్వించాడు.